పీహెచ్‌డీ చేశారు సరే... బోర్డు ముందు ఏం చెబుతారు?

తెలుగులో పీహెచ్‌డీ అనగానే మా చుట్టాల్లో సగం మంది 'మరి ఉద్యోగం ఎప్పుడు?' అంటారు. మిగతా సగం మంది 'తెలుగులో ఇంకా పరిశోధించడానికేముంది?' అంటారు. తమాషా ఏంటంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో బోర్డు అడిగేదీ దాదాపు ఆ రెండో ప్రశ్నే. కాకపోతే కాస్త మర్యాదగా!

గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెబుతూ, వేసవి సెలవుల్లో జీతం లేకుండా నెట్టుకొచ్చే నాలాంటి వాళ్లకు ఆ కాసిన్ని నిమిషాలే కీలకం. యూజీసీ స్కేలున్న రెగ్యులర్ పోస్టయితే మొదటి మూలవేతనమే రూ.57,700. నోటిఫికేషన్ పడేది మాత్రం ఎప్పుడో ఒకసారి! అందుకే నేనెలా ప్రిపేరవుతున్నానో చెబుతా.

మార్కులు గేటు వరకే

యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టులకు ఒక స్కోరు పట్టిక ఉంది. పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్‌తో నెట్‌కు 7, ఒట్టి నెట్‌కు 5... ఇలా. కానీ ఆ స్కోరు షార్ట్‌లిస్టుకే. ఎంపిక ఇంటర్వ్యూని బట్టే. రాష్ట్ర యూనివర్సిటీల్లో పద్ధతి మారొచ్చు, నోటిఫికేషన్ చివరిదాకా చదవండి.

అవతల ఎవరుంటారు?

వైస్ ఛాన్సలర్ లేదా వారి ప్రతినిధి, డీన్, శాఖాధిపతి, ముగ్గురు సబ్జెక్టు నిపుణులు, ఇంకొందరు. వీసీ గారిది కెమిస్ట్రీ కావచ్చు. కాబట్టి థీసిస్‌ని రెండు రకాలుగా చెప్పగలగాలి. నిపుణులకు 'తొలి నాటకాల్లో వ్యావహారిక భాష' అంటే చాలు. మిగతావారికి 'స్టేజీ మీద పాత్రలు మన ఇంట్లో వాళ్లలా ఎప్పటి నుంచి మాట్లాడుతున్నాయి?' అని మొదలుపెట్టాలి. ఫోన్‌లో రెండు నిమిషాల టైమర్ పెట్టి, ఇంటర్ చదివే మా చెల్లికి చెబుతుంటా. తను 'అయితే ఏంటంట?' అందంటే మళ్లీ రాసుకోవడమే.

డెమో క్లాసు

'కన్యాశుల్కం' తీసుకుందాం. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా మారిపోయిన రెండో కూర్పు వచ్చింది. 'గురజాడ మహాకవి' అని మొదలుపెడితే బోర్డు గడియారం చూస్తుంది. 'అచ్చయిన నాటకాన్ని పన్నెండేళ్లకు మళ్లీ ఎందుకు తిరగరాశారు?' అని అడగండి, తలలు పైకి లేస్తాయి. మధురవాణి పాత్ర రెండో కూర్పులో ఎంత పెరిగిందో పోల్చి చూపిస్తే పది నిమిషాల పాఠం రెడీ.

ఆ ఇరకాటపు ప్రశ్న

'ఈ రోజుల్లో తెలుగు ఎందుకు?' అంటే భాషాభిమానం మీద ఉపన్యాసం వద్దు. ఆ శాఖ సిలబస్ ముందే వెబ్‌సైట్లో చూసి, అందులో లేని ఒక కోర్సు ప్రతిపాదించండి. నాది సబ్‌టైటిళ్లు, అనువాదం కోర్సు. మొదటి వారం ఏం చెబుతానో, పరీక్ష ఎలా పెడతానో ఒక పేజీలో రాసి పెట్టుకున్నా. చదివిన వాళ్లందరికీ ఉద్యోగాలొస్తాయని మాత్రం కోయకండి. మన సంగతి వాళ్లకు తెలియదా!

చదవని పుస్తకం గురించి అడిగితే 'చదవలేదండీ' అనేయండి. దానికి దగ్గరగా మీరు చదివింది ఏదో చెప్పండి. అక్కడి నుంచి మాట మీ చేతిలోకొస్తుంది.

ఒరిజినల్స్, రిజర్వేషన్ సర్టిఫికెట్ల తేదీలు వారం ముందే చూసుకోండి. ఇవాళ మాత్రం ఆ రెండు నిమిషాల మాట రాయడం మొదలుపెట్టండి. నాది పదకొండో డ్రాఫ్టులో ఉంది.