కేబుళ్లు, గొట్టాల రక్షణ సామగ్రి

కేబుళ్లు, గొట్టాల రక్షణ సామగ్రి అనగా విద్యుత్తును మోసే కేబుళ్లను, నీరు, ఆవిరి, గాలి, నూనె మొదలైన వాటిని మోసే గొట్టాలను ఒరిపిడి, వేడి, తేమ, ధూళి, ఎలుకల బారి నుండి కాపాడి, చిక్కు పడకుండా ఒక క్రమంలో ఉంచడానికి వాడే వస్తువుల సముదాయం. కేబుల్ టైలు, స్లీవులు, గ్లాండులు, కాండ్యూట్ పైపులు, ట్రేలు, హోస్ క్లిప్పులు, స్టార్టర్ పెట్టెలు ఈ కోవలోకి వస్తాయి. యంత్రం ఖరీదుతో పోల్చితే వీటి ఖరీదు చాలా స్వల్పం. అయినప్పటికీ యంత్రం ఆగిపోవడానికి, మనుషులు విద్యుదాఘాతానికి గురి కావడానికి కారణం అనేక సందర్భాలలో యంత్రంలో గాక, దానిని చేరే తీగలోనో గొట్టంలోనో ఉంటుంది. ఈ సామగ్రి పెద్ద కర్మాగారాలకే పరిమితం కాదు. నిజామాబాదు జిల్లాలోని సిరికొండ వంటి మండలాలలో ప్రతి బోరుబావి వద్దా దీని అవసరం ఉన్నది.

అవసరం

కేబుల్ గాని, గొట్టం గాని తిన్నగా సాగే భాగంలో సాధారణంగా చెడిపోదు. అవి చెడిపోయే చోట్లు ముఖ్యంగా నాలుగు.

* వంగే చోటు: మితిమీరి వంచినప్పుడు వంపు వెలుపలి వైపు పొర సాగి పగులుతుంది, లోపలి వైపు ముడతపడుతుంది. ఇనుప తీగల కవచం గల పీవీసీ కేబుల్‌ను దాని వ్యాసానికి సుమారు 12 రెట్ల కన్నా తక్కువ వ్యాసార్ధంతో వంచరాదన్నది వాడుకలో ఉన్న నియమం.
* రాసుకునే చోటు: యంత్రం అదిరినప్పుడల్లా కేబుల్ ఏదో ఒక అంచుకు కొద్దికొద్దిగా రాసుకుంటుంది. కొన్ని నెలలకు పైపొర అరిగి లోపలి రాగి బయటపడుతుంది.
* దూరే చోటు: రేకు పెట్టెకు వేసిన రంధ్రం అంచు కత్తి వలె పనిచేస్తుంది. నీరు, చీమలు, బల్లులు లోపలికి చేరేది కూడా ఆ రంధ్రం గుండానే.
* ముగిసే చోటు: జాయింటు, టెర్మినల్, గొట్టపు మూతి. కేబుల్ బరువంతా మర పైనే పడితే కొంతకాలానికి మర వదులవుతుంది. వదులైన చోట వేడి పుట్టి తీగ కాలిపోతుంది.

ఈ సామగ్రిలోని ప్రతి వస్తువూ పై నాలుగు చోట్లలో ఏదో ఒకదానిని కాపాడడానికి ఏర్పడినదే.

చరిత్ర

గొట్టాన్ని మర తిప్పి బిగించే హోస్ క్లిప్పును బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ రూపొందించి 1921లో పేటెంటు పొందాడు. జూబిలీ క్లిప్ అనే పేరుతో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. నేడు పల్లెల్లోని పైపుల దుకాణాలలో దొరికే క్లిప్పులు ఈ నమూనాకు చెందినవే.

కేబుల్ టైని అమెరికాలోని థామస్ అండ్ బెట్స్ సంస్థలో పనిచేసిన మారస్ లోగన్ 1958లో రూపొందించాడు. విమానాల కర్మాగారంలో కార్మికులు వేలాది తీగలను మైనం పూసిన దారంతో చేతితో ముడివేస్తూ వేళ్లు కోసుకోవడం చూసి అతడు ఈ ఆలోచన చేశాడు. వేడి తగిలితే ముడుచుకొని తీగను గట్టిగా పట్టుకునే హీట్ ష్రింక్ స్లీవు వ్యాప్తిలోకి రావడంలో, 1957లో పాల్ కుక్ స్థాపించిన రేకెమ్ సంస్థ పాత్ర ప్రధానమైనది.

ముఖ్యమైన రకాలు

కేబుల్ టై: నైలాన్‌తో చేసిన పంటి పట్టీ ఇది. ఒకవైపు మాత్రమే జారుతుంది, వెనుకకు రాదు. ఎండలో వాడడానికి నల్లటి టైలను ఎన్నుకోవాలి. వాటిలో కలిపే కర్బనపు మసి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. తెల్లటి టైలు ఆరుబయట త్వరగా పెళుసెక్కి విరుగుతాయి. టైని కేబుల్ పొరలోకి దిగేంత గట్టిగా లాగరాదు.

స్లీవు, కాండ్యూట్: కేబుల్‌పై తొడిగే గొట్టాలు. కదలని చోట గట్టి పీవీసీ పైపును, కదిలే చోట ముడతల గొట్టాన్ని వాడతారు. గొట్టం లోపలి వైశాల్యంలో 40 శాతానికి మించి తీగలు నింపకపోవడం మంచి పద్ధతి. మిగిలిన ఖాళీ గుండా వేడి బయటికి పోతుంది, తీగను మార్చవలసి వచ్చినప్పుడు లాగడం కూడా సులభమవుతుంది.

గ్లాండు: కేబుల్ పెట్టెలోకి దూరే చోట బిగించే మరల అమరిక. లోపలి రబ్బరు వలయం కేబుల్‌ను చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. ఇది రంధ్రపు అంచును కప్పుతుంది, నీటిని ఆపుతుంది, కేబుల్ బరువు టెర్మినల్‌పై పడకుండా చూస్తుంది.

ట్రే, గొలుసు: కర్మాగారాలలో ఎక్కువ కేబుళ్లను గోడ వెంట రేకు ట్రేలలో పరుస్తారు. ముందుకు వెనుకకు కదిలే యంత్రాలకు, కేబుళ్లు నిర్ణీత వంపుతోనే మడత పడేటట్లు లంకెల గొలుసును అమరుస్తారు.

భద్రతా తాడు: పీడనం గల గొట్టం మూతి ఊడితే అది పాము వలె కొట్టుకుంటూ మనుషులను గాయపరుస్తుంది. అందుకని జాయింటుకు ఇరువైపులా గొట్టాన్ని ఉక్కు తాడుతో కలిపి కడతారు.

ఐపీ సంఖ్య

స్టార్టర్ పెట్టె, జంక్షన్ బాక్సు వంటివి ఎంత రక్షణ ఇస్తాయో రెండంకెల ఐపీ సంఖ్య తెలుపుతుంది. మొదటి అంకె (0 నుండి 6) దుమ్ము వంటి ఘన పదార్థాల నుండి, రెండవ అంకె (0 నుండి 9) నీటి నుండి రక్షణను సూచిస్తుంది. ఉదాహరణకు ఐపీ 65 అని ఉన్న పెట్టెలోకి దుమ్ము అసలు చొరబడదు, ఏ వైపు నుండి నీటి ధార కొట్టినా హాని కలగదు. అయితే ఆ పెట్టెకు గ్లాండు లేకుండా ఒక్క రంధ్రం వేసినా ఆ సంఖ్యకు విలువ ఉండదు.

బోరు మోటారు వద్ద

నిజాంసాగర్ కాలువ నీరు అందే బోధన్ ప్రాంతానికి భిన్నంగా, సిరికొండ, ధర్పల్లి, భీమ్‌గల్ మండలాల మెట్ట గ్రామాలలో సాగు ఎక్కువగా చెరువులు, బోరుబావులపై ఆధారపడినది. బోరులో మునిగి ఉండే సబ్మెర్సిబుల్ మోటారుకు మూడు తీగలు గల చదును కేబుల్ ద్వారా విద్యుత్తు అందుతుంది. పైన చెప్పిన నాలుగు బలహీనమైన చోట్లూ ఇక్కడ ఒకే వరుసలో కనిపిస్తాయి.

మోటారు మొదలయ్యే క్షణంలో, అది తిరిగే దిశకు వ్యతిరేకంగా పైపు ఒక్క కుదుపుతో మెలి తిరుగుతుంది. కేబుల్‌ను పైపుకు కట్టకుండా వదిలితే ప్రతిసారీ అది కేసింగు గోడకు రాసుకుంటుంది. కాబట్టి సుమారు 3 మీటర్లకు ఒకచోట కేబుల్‌ను పైపుకు టైతో కట్టాలి. జాయింటుకు కొద్దిగా పైన, కొద్దిగా కింద తప్పక కట్టాలి. కేబుల్‌ను బిర్రుగా లాగకుండా కొంచెం వదులు ఉంచాలి. బరువు మీద పైపు సాగినప్పుడు ఆ వదులు కేబుల్‌ను కాపాడుతుంది. బోరు మూతి వద్ద కేబుల్ ఇనుప అంచు మీదుగా పోకుండా మూతకు రబ్బరు బుష్ అమర్చాలి, లేదా కేబుల్‌పై ఒక ముక్క గొట్టం తొడగాలి. మోటారును దించేటప్పుడు, తీసేటప్పుడు కేబుల్‌ను పట్టుకొని లాగరాదు. ఆ బరువుకు వేరే తాడు ఉండాలి.

ఈ జాగ్రత్తలు మోటారు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. కేబుల్ పొర అరిగి రాగి తీగ ఇనుప కేసింగుకు తగిలితే ఆ కేసింగు, దానికి ఆనుకున్న పైపు విద్యుత్తుతో నిండుతాయి. ఫ్యూజు ఉన్నది గదా, కాలిపోతుంది గదా అనుకోవడం పొరపాటు. భూమి నిరోధం 100 ఓములు ఉన్నదనుకుంటే, 230 వోల్టుల ఫేజు నుండి భూమిలోకి 2.3 ఆంపియర్ల విద్యుత్తు మాత్రమే పారుతుంది. అనేక ఆంపియర్లకు తట్టుకునే ఫ్యూజు ఇంత తక్కువకు కాలదు. మనిషి గుండె లయ తప్పడానికి మాత్రం ఆంపియరులో పదవ వంతు కూడా అక్కరలేదు. తడి మడిలో వట్టి కాళ్లతో నిలబడి పైపును ముట్టుకున్న రైతుకు అపాయం కలిగేది ఈ విధంగానే. సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే సరఫరాను తెంపే పరికరం ఈ అపాయాన్ని తగ్గిస్తాయి. ఎర్తింగు పద్ధతులను భారత ప్రమాణం ఐఎస్ 3043 వివరిస్తుంది.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా 2018 జనవరి 1న ప్రారంభమైంది. అంతకు ముందు కొద్ది గంటల సరఫరా మాత్రమే ఉన్న కాలంలో, కరెంటు రాగానే మోటారు తనంతట తానే మొదలయ్యేందుకు రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. భూగర్భ జలాలు వృథా అవుతాయన్న కారణంతో వీటిని తొలగించాలని 2017లో ప్రభుత్వం రైతులను కోరింది. వీటి వల్ల మరొక అపాయం కూడా ఉన్నది. కరెంటు లేనప్పుడు జాయింటు విప్పి సరిచేస్తున్న మనిషి చేతిలోనే తీగకు ప్రాణం రావచ్చు. కాబట్టి పెట్టెలోని స్విచ్చును కట్టివేసి ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకున్న తరువాతనే కేబుల్‌ను ముట్టుకోవాలి.

చక్కెర కర్మాగారాలు, మిల్లులు

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర తయారీ కేబుళ్లకు, గొట్టాలకు కఠినమైన పరీక్ష వంటిది. చెరకు రసపు జిగురు, ఆవిరి వేడి, పిప్పి ధూళి ఒకే చోట కలుస్తాయి. తీపికి ఎలుకలు చేరుతాయి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరకక తప్పదు. ఇనుప తీగల కవచం గల కేబుళ్లు, మూసిన రంధ్రాలు ఇందుకు విరుగుడు. గానుగ ఆడే కాలం ముగిసిన తరువాత యంత్రాలు నెలల తరబడి ఖాళీగా ఉంటాయి. వానాకాలపు తేమ, ఎలుకలు పని చేసేది అప్పుడే.

మెత్తని చక్కెర ధూళి గాలిలో కలిసినప్పుడు మండే గుణం గలది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, పోర్ట్ వెంట్‌వర్త్ వద్ద గల ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో ధూళి పేలుడు సంభవించి 14 మంది మరణించారు. ధూళి గల చోట మూసి ఉన్న పెట్టెలు, వదులు లేని టెర్మినళ్లు ఎందుకు అవసరమో ఇటువంటి ప్రమాదాలు తెలుపుతాయి. బియ్యపు మిల్లులకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

నిజామాబాదు జిల్లాలో పసుపు పంట ప్రసిద్ధమైనది. పసుపు కొమ్ములను ఆవిరితో ఉడికించే చోట ఆవిరి కోసం తయారైన గొట్టాన్నే వాడాలి. నీటి గొట్టం ఆ వేడికి మెత్తబడి క్లిప్పు నుండి ఊడిపోతుంది.

హైడ్రాలిక్ గొట్టాలు

వరికోత యంత్రాలు, ట్రాక్టర్లలో నూనె గొట్టాలు అధిక పీడనంతో పనిచేస్తాయి. పీడనం పెరిగినప్పుడు గొట్టం పొడవు సుమారు 2 శాతం పెరగవచ్చు, లేదా 4 శాతం వరకు తగ్గవచ్చు. కనుక దానిని బిగుతుగా అమర్చరాదు, మెలి తిప్పి బిగించరాదు. కారే చోటును వేలితో తడిమి వెదకడం ప్రమాదకరం. సూది మొనంత రంధ్రం నుండి వచ్చే నూనె ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి చిన్న చుక్క వలె, నొప్పి లేకుండా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కోసారి చేయి కోల్పోవలసి వస్తుంది. అట్ట ముక్కను దూరం నుండి అడ్డుపెట్టి తడి మరకను చూడడం సరైన పద్ధతి.

తరచుగా జరిగే పొరపాట్లు

* జాయింటుకు సాధారణ ఇన్సులేషన్ టేపు మాత్రమే చుట్టి నీటిలో దించడం. ముందుగా నీరు చొరబడని రబ్బరు టేపును, దానిపై ఇన్సులేషన్ టేపును చుట్టాలి.
* కేబుల్‌ను ఇనుప తీగతో కట్టడం. ఆ తీగే పొరను కోస్తుంది.
* మిగిలిన కేబుల్‌ను బిగుతు చుట్టగా చుట్టి వదలడం. చుట్టలో వేడి బయటికి పోదు.
* విద్యుత్తు కేబుల్‌ను, నూనె లేదా ఆవిరి గొట్టాన్ని ఒకే కట్టగా కట్టడం.
* స్టార్టర్ పెట్టెకు కేబుల్‌ను పై నుండి దూర్చడం. కింది నుండి, ఒక వంపు వదిలి దూరిస్తే వాన నీరు ఆ వంపు వద్దనే కారిపోతుంది.

ఇవి కూడా చూడండి

* గొట్టపు బావి
* విద్యుదాఘాతం
* నిజాం చక్కెర కర్మాగారం
* సిరికొండ మండలం