తోక తెంపిన మూడొందల అక్షరాలు!

కోనసీమలోని వాడపల్లిలో శనివారం వచ్చిందంటే ఎటు విన్నా గోవింద నామమే. ఏడు వారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు... అడుగడుగునా అదే పేరు. ఒకే మాట ఇలా మళ్లీ మళ్లీ పలకడం మనకి కొత్త కాదు. కానీ, మన కణాల్లో దాగిన జన్యు గ్రంథంలోనూ ఒకే వాక్యం పది లక్షలసార్లకు పైగా రాసి ఉందని తెలుసా!

ఆ గ్రంథం మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో పదో వంతు ‘ఆలు’ అనే ముక్కలదే. కూరలో వేసే ఆలు కాదండోయ్! దాదాపు 300 అక్షరాల డీఎన్ఏ ముక్క ఇది. తన నకలు తీయించుకుని మరోచోట దూరిపోతుంది. ఇలాంటి ‘గెంతే జన్యువుల’ను 1940ల్లో మొక్కజొన్నలో మొదట గుర్తించింది అమెరికా శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1983లో నోబెల్ వచ్చింది. 2001లో మానవ జన్యుపటం ముసాయిదా చూస్తే... దాదాపు 45 శాతం ఇలాంటి ముక్కలూ వాటి అవశేషాలే!

ఇన్ని లక్షల నకళ్లను మనిషి కూర్చుని చదవగలడా? అందుకే కంప్యూటర్. తాళపత్రాలను ఎత్తిరాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి కదా. ఏ ప్రతిలో ఏ తప్పుందో చూసి, ఏది దేన్నుంచి వచ్చిందో పండితులు చెప్పేస్తారు. కంప్యూటర్ చేసేదీ అదే. మూలంతో పోలిస్తే తేడాలు తక్కువుంటే కొత్త నకలు, ఎక్కువుంటే పాతది. ‘రిపీట్‌మాస్కర్’ లాంటి సాఫ్ట్‌వేర్లు వీటిని గుర్తించి, జన్యువుల వేటకు అడ్డు రాకుండా ముసుగు వేస్తాయి.

చిత్రమేంటంటే, కొన్ని జవాబులు ఆ ముసుగు కిందే ఉన్నాయి. కోతికున్న తోక మనకెందుకు లేదు? న్యూయార్క్ పరిశోధకులు మనుషులు, వాలములేని వానరాలు, కోతుల జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. టీబీఎక్స్‌టీ అనే జన్యువులో ఓ ఆలు ముక్క మనకీ, చింపాంజీ గొరిల్లాలకీ ఉంది, కోతులకి లేదు. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల క్రితం అది అక్కడ దూరడమే తోక పోవడానికి కారణం కావచ్చని 2024లో ప్రకటించారు. ఆ మార్పు ప్రభావాన్ని ఎలుకల్లో తెప్పిస్తే కొన్నిటికి తోక కురచైంది, కొన్నిటికి అసలు రాలేదు. కొన్నిటికి వెన్నుపాము లోపాలూ వచ్చాయి.

అన్ని గెంతులూ పాతవి కావు. 1988లో అమెరికాలో హేజ్ కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా రోగుల్ని పరీక్షించింది. వారిలో ఇద్దరికి ‘ఎల్‌1’ అనే మరో ముక్క కొత్తగా దూరి, రక్తం గడ్డకట్టించే జన్యువును పాడుచేసిందని తేల్చింది. వంశంలో ఎవరికీ లేని జబ్బు బిడ్డకెలా వచ్చిందని కుమిలిపోయే తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట... తప్పు వాళ్లది కాదు!

చెత్త అనుకుని పక్కన పెట్టిన పేజీల్ని మళ్లీ తిరగేస్తే, మన కథ అక్కడే ఉంది మరి.