బావినీటిలోని సున్నము

ఒక్క గ్రామములోనే ఒక బావినీట కందిపప్పు త్వరగా ఉడుకును. వేఱొక బావినీట ఎంత కట్టె కాల్చినను పలుకుగానే యుండును. ఆ నీట సబ్బు నురుగు కట్టక తెట్టెగా విఱిగిపోవును. కాచిన పాత్రల యడుగున తెల్లని గార పేరుకొనును. ఇట్టి నీటిని కఠినజలమందురు. నీరు భూమిలో రాళ్లనడుమ ఊరుచు కాల్షియము, మెగ్నీషియము అను ధాతువుల లవణములను కరగించుకొనుటయే దీనికి కారణము.

ఈ కాఠిన్యమును ఇంటనే పరీక్షింపవచ్చును. కొంచెము సబ్బును వాననీట కరగింపుడు. మూడు సీసాలు తీసికొని, ఒకదాన వాననీరు, రెండవదాన బావినీరు, మూడవదాన పావుగంట మరిగించి చల్లార్చి తేర్చిన బావినీరు సమానముగా పోయుడు. ఒక్కొక్కదానిలో సబ్బునీటిని చుక్కచుక్కగా వేయుచు, బిరడా బిగించి కుదుపుడు. నురుగు 5 నిమిషములు నిలుచుటకు ఎన్ని చుక్కలు పట్టెనో లెక్కింపుడు. వాననీటికంటె బావినీటికి హెచ్చుగా పట్టిన చుక్కలే కాఠిన్యమునకు కొలత. మరిగించుటచే తగ్గినది తాత్కాలిక కాఠిన్యము. మిగిలినది శాశ్వత కాఠిన్యము. ఈ పరీక్షకు డిటర్జెంటు పొడిగాని కుంకుడురసముగాని పనికిరాదు. అవి కఠినజలమునందును నురుగునిచ్చును.

తాత్కాలిక కాఠిన్యము కాచినంతనే పోవును. స్కాట్లండు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు తామస్ క్లార్కు 1841లో దీనికి మఱియొక మార్గము చూపెను. తగిన కొలతలో సున్నము చేర్చినచో, నీట కరగియున్న సున్నము సైతము అడుగునకు దిగును. ముల్లును ముల్లుతో తీయుట యనగా నిదియే. శాశ్వత కాఠిన్యము గల నీటిని బట్టలుతుకుటకు చాకలిసోడాతో మెత్తబఱుపవచ్చును. ఆ నీరు త్రాగరాదు. త్రాగునీటియందు మొత్తము కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేఱు నీరు లేనిచోట 600 వఱకు ఒప్పుకొనవచ్చుననియు 2012 నాటి భారతీయ ప్రమాణము చెప్పుచున్నది.

ఇక ముఖ్యమైన మాట. సబ్బు చక్కగా నురిగినంతమాత్రమున ఆ నీరు త్రాగుటకు మంచిదని తలంపరాదు. దంతములు మచ్చలుపడి, వెన్ను బిగిసి వంగిపోవు వ్యాధి నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో నున్నదనియు, దానికి నీటిలోని ఫ్లోరైడు కారణమనియు 1937లో వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతమును దీనిచే మిక్కిలి బాధపడినది. కాల్షియము ఫ్లోరైడుతో కలిసి అడుగునకు దిగు స్వభావము గలది. కావున కాల్షియము కొఱవడిన మెత్తని నీటిలోనే ఫ్లోరైడు తఱచుగా హెచ్చియుండును. దానిని కన్ను కనుగొనదు, నాలుక యెఱుగదు; కాచినను అది పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని త్రాగరాదు.

ఏ బావినీరు త్రాగవలెనో నిర్ణయించునది గ్రామపెద్దలే. పప్పుడికించు నీటికి సబ్బుపరీక్ష చాలును. బిడ్డలు త్రాగు నీటికి అది చాలదు. క్రొత్త బోరు వేసిన వెంటనే, శుభ్రమైన సీసాలో నీరు పట్టి ప్రభుత్వ నీటిపరీక్షాశాలకు పంపి, కాఠిన్యముతోపాటు ఫ్లోరైడు లెక్కను గూడ అడిగి తెలిసికొనుడు. ఆ ఫలితము తెలిసిన పిమ్మటనే ఆ నీటిని బిడ్డలచే త్రాగింపుడు.