గోలు కొట్టనివారు: హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు కథ

ధవళేశ్వరం ఆనకట్ట పేరు వినగానే మన గోదావరి జిల్లాలలో ప్రతివారికి కాటన్ దొర జ్ఞాపకం వస్తారు. ఊరూరా ఆయన విగ్రహాలున్నవి. 1847లో మొదలై 1852లో పూర్తియైన ఆ నిర్మాణంలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు ఎరిగినవారు మాత్రం అంతమంది లేరు. ఇక రాళ్లు కొట్టినవారి, పడవలు నడిపినవారి పేర్లు అడిగేవారే లేరు. ఇందులో కాటన్ దొర దోషమేమీ లేదు. పెద్ద కార్యం ఏదైనా చివరకు ఒక పేరు మీద నిలవడం లోకసహజం. ఆ పేరు నీడలో ఎవరెవరు ఉండిపోయినారో అప్పుడప్పుడు లెక్క చూచుకోవడం మాత్రం మన విధి.

అటువంటి లెక్కనే ఒక ఆట విషయంలో ఇక్కడ చూడదలచినాము. ఆ ఆట ఫుట్‌బాల్. ఆ జట్టు హైదరాబాదు నగర పోలీసు జట్టు. ఈనాటి యువకులలో చాలామందికి ఈ పేరు కొత్తగా తోచవచ్చును. కాని 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచిన జట్టు ఇది. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పును 1950లో కలకత్తా మోహన్ బగాన్ మీద గెలిచినది. మరల 1954లో, 1957లో ఆ కప్పు ఈ జట్టుకే దక్కినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన కొంతకాలానికి ఇదే ఆంధ్ర పోలీసు జట్టు అనే పేరు ధరించి, 1961లో డ్యూరాండ్ కప్పును తిరిగి తెచ్చినది. కనుక ఈ కథ ఒక్క హైదరాబాదుకే చెందినది కాదు. 2014లో రాష్ట్రం రెండైనా ఈ చరిత్ర మాత్రం ఉమ్మడి ఆస్తియే.

ఈ విజయాల వెనుక ఉన్న గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత ఆయన బడిపంతులు. ఆటగాండ్రందరికీ ‘రహీం సాబ్’. 1950 నుండి పోలీసు జట్టుకు, దానితో పాటు భారత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చినారు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో భారతదేశానికి స్వర్ణపతకాలు తెచ్చిపెట్టినారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానం పొందినది కూడా ఆయన శిక్షణలోనే. 1963 జూన్‌లో క్యాన్సరు వ్యాధితో కన్నుమూసిన ఆ మహనీయుని కథ 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రంగా వచ్చినది. ఆలస్యంగానైనా గురువుగారి ఋణం కొంత తీరినది. ఆయన చెప్పిన పాఠాన్ని మైదానం మీద ఆచరించి చూపినవారి ఋణం ఇంకా మిగిలియున్నది.

వారిని మనం ఎందుకు మరచినాము? మొదటి కారణం విచిత్రమైనది. వారికి విజయం తెచ్చిన పద్ధతియే వారి పేర్లను మరుగుపరచినది.

రహీం సాబ్ పద్ధతి ఏమిటో చూతము. ఆ రోజులలో బంతిని కాళ్ల మధ్య ఆడించుకొంటూ, ఒక్కొక్కరిని తప్పించుకొంటూ పోయేవానినే ప్రేక్షకులు మెచ్చుకొనేవారు. రహీం సాబ్ దానికి విరుద్ధమైన పోటీలు పెట్టినారు. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర ఆడించుకోరాదు. అందిన వెంటనే తోటివానికి అందించవలెను. మరొక పోటీలో ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే ఆడవలెను. ఇట్లు సాధన చేసినవారు చూపు ఎత్తి ఆడడం నేర్చినారు. బంతి రాకముందే దానిని ఎవరికి పంపవలెనో నిశ్చయించుకోవడం నేర్చినారు. ఎదుటివారు ఒకనిని పట్టబోయేసరికి బంతి ముగ్గురిని దాటిపోయి ఉండేది. మనిషికంటె బంతి వేగంగా పోతుందన్న చిన్న సత్యమే ఇందులోని రహస్యం. కాని ఎవరి కాలి వద్దా బంతి నిలవని జట్టులో చూచేవారికి ఎవరి పేరు నిలుస్తుంది? చివరి దెబ్బ కొట్టినవాని పేరొక్కటే.

రెండవ కారణం ఆటగాడు నిలిచే చోటు. పాత పద్ధతిలో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులు ఉండేవారు. బ్యాకు పని అపాయాన్ని పుట్టకముందే తుంచడం. హాఫ్‌బ్యాకు పని ఎదుటివారి దాడిని ఆపి, ఆ బంతితోనే మనవారి దాడిని మొదలుపెట్టడం. మన కాలువల మీద లస్కరు ఎప్పుడు తలుపు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో చూచుకొంటాడు. అతడు సరిగా పనిచేసినన్నాళ్లు అతని సంగతి ఎవరికీ పట్టదు. గండి పడిననాడే అతని పేరు వినిపిస్తుంది. బ్యాకుల గతి కూడా ఇంతే. చెడుగుడు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కూతకు వెళ్లినవానిని ఊరంతా చూస్తుంది. అతడు తిరిగి పోకుండా గొలుసు బిగించి నిలిచినవారిని ఆట తెలిసినవారే చూస్తారు.

రేడియోలో పనిచేసే మేము ఈ విషయంలో మా వృత్తి పరిమితిని కూడా చెప్పవలసియున్నది. వ్యాఖ్యాత నోరు బంతి వెంట పోతుంది. బంతి ఎవరి వద్ద ఉంటే వారి పేరు పలుకుతుంది. బంతి లేకుండా సరియైన చోట నిలిచి, ఎదుటివారి దారిని మూసివేసిన ఆటగాని పేరు శ్రోతల చెవిని పడదు. మరునాటి పత్రికలో కూడా గోలు కొట్టినవాని పేరే అచ్చవుతుంది. చరిత్ర వ్రాసేవారు ఆ పత్రికలనే తిరగవేస్తారు.

ఇప్పుడు పేర్లకు వత్తము. సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ పోలీసు జట్టులో బ్యాకు. నూర్ మహమ్మద్ హాఫ్‌బ్యాకు. 1951 ఆసియా స్వర్ణం తెచ్చిన జట్టులో ఇద్దరూ ఉన్నారు. ఆనాడు ఇరాన్ మీద ఏకైక గోలు కొట్టిన మేవాలాల్ పేరు క్రీడాచరిత్రలలో ఉన్నది. ఆ ఒక్క గోలే విజయానికి చాలినదంటే, రెండవవైపు గోలు పడకుండా కాచినవారు ఉన్నారని అర్థం కదా! 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు కూడా ఇద్దరూ వెళ్లినారు. పోలీసు జట్టు వాడే అయిన మొయినుద్దీన్ కూడా వారితో ఉన్నారు. అక్కడ మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడినారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి కలిగినది. అంతటి పరాభవం తరువాత కూడా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ నిలదొక్కుకొని 1956లో మెల్‌బోర్న్ వెళ్లినారు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించిన ఆటలో మూడు గోళ్లు కొట్టిన నెవిల్ డిసౌజా పేరు నేటికీ వినబడుతున్నది. స్వర్ణపతకమొకటి, రెండు ఒలింపిక్స్, వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గల ఈ ఇద్దరి పేర్లు ఎన్ని తెలుగు ఇండ్లలో వినబడుతున్నవి?

మూడవ కారణం ఊరు. ఆ కాలంలో ఫుట్‌బాల్ కీర్తికి కలకత్తాయే రాజధాని. అక్కడి జట్లకు వేలాది అభిమానులు, వారి మాటలు అచ్చువేసే పత్రికలు ఉండేవి. పోలీసు జట్టు అట్లు కాదు. దానికి చందాదారులు లేరు. ఆటగాడు ఉద్యోగి. ఆట విడిచిన తరువాత అతడు మరల ఠాణాకు పోయి తన పని తాను చేసుకొనేవాడు. ఈ జట్టుకు పెద్ద అండగా నిలిచిన పోలీసు అధికారి శివకుమార్ లాల్ పేరు గోషామహల్ క్రీడాంగణానికి పెట్టినారు. ఆటగాండ్ర పేర్లకు అటువంటి గోడ దొరకలేదు.

కలకత్తా వెళ్లినంత మాత్రాన కూడా అందరికీ సమానమైన గౌరవం దక్కలేదు. సికింద్రాబాదు అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఇందుకు ఉదాహరణ. ఆయనది పేద కుటుంబం. సాధనకు వచ్చిపోవడానికి సైకిలు అద్దె కూడా రహీం సాబే ఇచ్చేవారని బలరాం చెప్పుకొనేవారు. 1957లో ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరినారు. 1960 రోము ఒలింపిక్స్‌లో భారతదేశం కొట్టినవి మూడు గోళ్లు. వాటిలో రెండు, హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, బలరాంవే. ఆయనతో కలిసి ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ లభించినది. 1962లో అర్జున పురస్కారం పొందిన బలరాంకు మాత్రం అది దక్కలేదు. అనారోగ్యం వల్ల ముప్పది యేండ్లు నిండకముందే ఆట విడిచిన ఆయన 2023 ఫిబ్రవరిలో పరమపదించినారు. గోళ్లు కొట్టినవానికే ఇట్లయితే, కొట్టనివారి మాట చెప్పనేల!

ఆంధ్ర పోలీసు జట్టు ఆటగాడు యూసుఫ్ ఖాన్ కథ కూడా ఇట్టిదే. వెనుక నిలుపుమన్నా, ముందు నిలుపుమన్నా కాదనక ఆడిన మనిషి. గడ్డం పెంచి అలుపులేక పరుగెత్తే ఆయనను అభిమానులు ‘గడ్డపు గుర్రం’ అనేవారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో గెలిచిన నాటి జట్టులో ఆయన, బలరాం, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ ముగ్గురూ హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో ఎదిగినవారే. గోళ్లు పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. యూసుఫ్ ఖాన్‌కు 1966లో అర్జున పురస్కారం వచ్చినది. తరువాత చాలాకాలం వ్యాధితో బాధపడి 2006లో కన్నుమూసినారు.

ఇందులో ఎవరిని తక్కువ చేయవలెనని మా అభిప్రాయం కాదు. గోలు కొట్టినవాడు గొప్పవాడే. కాని ఒక్క గోలునే ఆట అనుకొంటే మన పిల్లలు ఆటను సగమే నేర్చుకొంటారు. మైదానంలో అందరూ ముందుకే పరుగెత్తుతారు, వెనుక కాపలా ఉండడానికి ఎవరూ ఇష్టపడరు. మరచిపోవడంవల్ల కలిగే నష్టం పోయినవారికి కాదు, రాబోయేవారికి.

ఆ తరం వారు దాదాపు అందరూ వెళ్లిపోయినారు. రోవర్స్ కప్పు కూడా ఈ శతాబ్ది ఆరంభంలోనే నిలిచిపోయినది. మిగిలినవి కొన్ని ఛాయాచిత్రాలు, కొన్ని పతకాలు, కొందరు వృద్ధుల జ్ఞాపకాలు. పోలీసు శాఖలో పనిచేసిన పెద్దలున్న ఇండ్లు మన జిల్లాలలో కొల్లలు. ఏ ఇంటి గోడ మీదనో, ఏ ట్రంకుపెట్టె అడుగుననో పదకొండుమంది నిలిచిన పటమొకటి ఉండవచ్చును. మధ్యలో కప్పు పట్టుకొన్నవానిని ఎవరైనా గుర్తుపట్టగలరు. అంచున నిలిచినవాడు ఎవరో చెప్పగలవారు ఇంట్లో ఉండగానే, ఆ పేరు, ఆ సంవత్సరం, ఆ ఊరు పటం వెనుక వ్రాసి ఉంచవలెనని శ్రోతలను కోరుచున్నాము. చరిత్ర వ్రాసేవారు రేపు వచ్చినపుడు, వారికి కావలసినది ఆ ఒక్క పంక్తియే.