రెండు ధరల ఎకరము

నల్లగొండ, మహబూబునగరు సీమలలో చెలక అమ్మదలచిన రైతునకు ఒకే ఎకరమునకు రెండు ధరలు వినవచ్చును. మొదటిది వేపచెట్టు క్రింద పలుకబడి, నోట్ల కట్టలుగా లెక్కింపబడును. రెండవది స్టాంపు కాగితముమీద వ్రాయబడి, వేలిముద్రతో స్థిరపడును.

“ధర మనం ఎంతనుకున్నా గని పటేలా, కాయిదం మీద సర్కారు రేటే ఎక్కిద్దాం” అను దళారి మాట వినని పల్లె యీ ప్రాంతమున అరుదు. ఆ మాటలో తప్పున్నదని రైతునకు తోచదు. ఊరందఱు చేయునదే కదా! కొనువాడు పట్నమునుండి వచ్చిన పెద్దమనిషి. దళారి తెలిసినవాడు. బయానా చేత బడినది. ఇక కాగితముమీది అంకె యెవరికి కావలెను?

ఎవరికి కావలెనో కొంచెము విచారింతము.

స్థిరాస్తులకు ప్రభుత్వము ఒక విలువల పట్టిక ప్రకటించును. దానినే జనులు సర్కారు రేటందురు. తెలంగాణములో 2013 తరువాత ఆ పట్టికను సవరించినది 2021 జూలై 22వ తేదీనాడు మాత్రమే. నడుమ జిల్లాలు విడిపోయినవి, రోడ్లు పడినవి, భూముల వెలలు ఆకాశమంటినవి, పట్టిక మాత్రము కదలలేదు. సవరించిననాడు వ్యవసాయభూమికి నిర్ణయించిన కనిష్ఠ విలువ ఎకరమునకు 75,000 రూపాయలు. ఆ వెలకు చౌటుప్పలు ప్రక్కన ఎకరము మాట యటుంచి, దాని గట్టు కూడ దొరకదు! అదే దినమున స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి 6 నుండి 7.5 కు పెరిగినవి. 2022 ఫిబ్రవరిలో విలువలు మరల కొంత పెరిగినను, చెట్టుక్రింది ధరను అందుకొనలేదు.

దస్తావేజులోని ధర పట్టికకంటె తక్కువగా కనబడినచో రిజిస్ట్రేషను అధికారి ప్రశ్నింపవచ్చును. పట్టికకు సరిపోయినచో సాధారణముగా ఎవరును నోరు మెదపరు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినది మొదలు వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహసీలుదారు చేతికి వచ్చినది. ఆయన యెదుటను ఇదే తంతు.

ఒక లెక్క వేసి చూతము. చెట్టుక్రింద ఎకరము 40 లక్షలకు తెగినదనుకొనుడు. సర్కారు రేటు 4 లక్షలు. ఉన్న ధర వ్రాసినచో, 2021 నాటి లెక్కను, కొనువాడు 3 లక్షల సుంకము కట్టవలెను. సర్కారు రేటు వ్రాయించినచో 30,000 తో సరి. ఆతనికి 2,70,000 మిగులును. అంతేకాదు, లెక్క చెప్పలేని 36 లక్షల నగదు ఎఱ్ఱమట్టిలో కలిసి మాయమగును. ఇంత మేలు చేసిన అబద్ధమునకు క్రింద వ్రేలు పెట్టినవాడు రైతు.

మఱి రైతునకు దక్కినదేమి? పట్టణములకు దూరముగా నున్న వ్యవసాయభూమి అమ్మినచో వచ్చు లాభముమీద ఆదాయపు పన్ను లేదు. ఉన్న ధర నున్నట్లు చెప్పుకొన్నను ఆతనికి నష్టము లేదు. పైపెచ్చు 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి అమ్మకములో 20,000 గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదను నిబంధన కలదు. దానిని మీరినచో, పుచ్చుకొన్నంత మొత్తమును జరిమానాగా విధింపవచ్చును. ఆ జరిమానా ఇచ్చినవానిమీద కాదు, పుచ్చుకొన్నవానిమీద! ఉభయులును పన్ను పడనంత ఆదాయముగల వ్యవసాయదారులైనచో మినహాయింపు కలదు. కాని పట్నపు కొనుగోలుదారుడు ఆ కోవకు చెందునా? ఈ సంగతి రైతునకు దళారి చెప్పడు. బహుశః దళారికిని తెలియదు.

ఇంతవఱకు జరిగినది ఇద్దఱి నడుమ బేరము. అసలు దెబ్బ తగులునది మూడవవానికి. హైదరాబాదు చుట్టును సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ వలయ రహదారిని తలపెట్టినారు. అది పాత నల్లగొండ జిల్లాలోని చౌటుప్పలు మీదుగ, పాత మహబూబునగరు జిల్లాలోని ఆమనగల్లు, షాద్‌నగరు వైపు సాగునట్లు సంకల్పము. భువనగిరి, చౌటుప్పలు ప్రాంతముల రైతులు పరిహారము చాలదని పలుమారులు రోడ్డెక్కినారు. జాతీయ రహదారులకై తీసికొను భూములకు సైతము 2015 జనవరి 1 నుండి 2013 నాటి భూసేకరణ చట్టపు పరిహార సూత్రములే వర్తించుచున్నవి.

ఆ చట్టములోని 26వ సెక్షను చూడదగినది. సర్కారు రేటు ఒక కొలత. చుట్టుప్రక్కల మూడేండ్లలో రిజిస్టరైన దస్తావేజులలో ఎక్కువ ధర చూపిన సగమును ఏరి, వాని సరాసరి తీయుట మఱియొక కొలత. వీనిలో ఏది హెచ్చో అదియే భూమి విలువ. చూడుడు, చట్టము రైతు పక్షముననే మొగ్గినది. ఎక్కువ ధరలనే ఎన్నుకొమ్మన్నది. కాని ఉన్న దస్తావేజులన్నియు 4 లక్షలే పలుకుచుండగా, పై సగమైననేమి, క్రింది సగమైననేమి?

పల్లెభూమికి ఇచ్చు గరిష్ఠ గుణకము 2 వేసినను 8 లక్షలు. దానికి సమానముగ సొలేషియము కలిపిన 16 లక్షలు. పైన కొంత వడ్డీ. ప్రక్కచేను 40 లక్షలకు పోయినదని ఊరందఱికిని తెలియును. తెలియనిది దస్తావేజునకే. రైతు మధ్యవర్తి యెదుట నిలిచి వాదించునప్పుడు, పొరుగువాడు వ్రేలు పెట్టిన కాగితమే ఎదురుసాక్ష్యము చెప్పును. ఒక్కొక్కప్పుడది తాను వ్రేలు పెట్టిన కాగితమే యగుట కద్దు.

రహదారి పడునని ముందుగ పసిగట్టినవారు దీనికి విరుగుడుగా ఒకటి రెండు గుంటలను హెచ్చుధరకు రిజిస్టరు చేయించుకొను యుక్తి కూడ కలదు. వాస్తవమును సూచింపని ధరను లెక్కలోనుండి తీసివేయుటకు కలెక్టరునకు అదే సెక్షను అధికార మిచ్చినది. ఇందలి వింత యేమన, ఎత్తి వ్రాసిన అబద్ధము సులభముగ పట్టుబడును. దించి వ్రాసిన అబద్ధము వేలకొలదిగా ఉండుటచే సత్యమువలె చెల్లుబాటగును.

పొరుగువాని కాగితము మన ధరను నిర్ణయించుట ఒక్క మన సీమ వింత కాదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభ కాలమున అమెరికా నగరములలో, అద్దె మేడలను విడగొట్టి ఫ్లాట్లుగా అమ్మిన చోట్ల, అప్పుకంటె తక్కువకు ఇల్లు వదలుకొనుటకు బ్యాంకులు సమ్మతింపవలసి వచ్చెను. అట్టి అమ్మకములు నాలుగు జరిగినచో, ఆ మేడలోని తక్కినవారి ఫ్లాట్ల విలువయు జారును. మదింపుదారుడు మొదట తిరుగవేయునది ప్రక్క ఫ్లాటు దస్తావేజునే. అయితే అచ్చట దిగిన ధర నిజముగా దిగినది. ఇచ్చట దిగినది కాగితముమీద మాత్రమే.

తెలంగాణపు పల్లెలలో తెల్లకాగితముమీద వ్రాసికొను సాదా బైనామా పద్ధతి చిరకాలముగ నున్నది. అయిదెకరముల లోపు అట్టి కొనుగోళ్లను రుసుము లేకుండ క్రమబద్ధము చేయుదుమని 2016లో ప్రభుత్వము దరఖాస్తులు పుచ్చుకొన్నది. ఆ తెల్లకాగితమునకు చట్టబలము తక్కువ. కాని సుంకము కట్టనక్కఱలేని చోట ధర దాచనక్కఱయు లేదు.

తహసీలు కార్యాలయములో వంతు వచ్చును. ముసలమ్మ కొంగుతో చేయి తుడుచుకొని బల్లయొద్దకు నడచును. దళారి గోడ వారగా నిలుచును. “పైకము మొత్తం ముట్టిందా అవ్వా?” అని అడుగుదురు. “ముట్టింది సారూ” అనును. ఎంత ముట్టినదని ఎవరును అడుగరు.