పరుగుకు ముందు పాదరక్షను పరీక్షించండి

కోనసీమలో మా గురువుగారి ఇంట నేను వైద్యవిద్య అభ్యసించిన రోజుల్లో, రోగి అరుగు ఎక్కకముందే వారి దృష్టి అతడు వాకిట విడిచిన చెప్పుల మీద పడేది. మడమ వైపు అరిగిన చెప్పులెవరివి, బయటి అంచు అరిగినవెవరివి అని మా చేత చెప్పించేవారు. నాడి పట్టుకోకముందే రోగి నడక ఎటువంటిదో చెప్పు తెలుపుతుందని వారి అభిప్రాయం.

నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో ఆ పాఠాన్ని నేనొకసారి విస్మరించాను. దాని ఫలితం అనుభవించింది మాత్రం నేను కాదు.

హైదరాబాదులో మేముండే వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఉన్నారు. పదేళ్ళకు పైగా మధుమేహం. అరికాళ్ళలో మంటలు, తిమ్మిరి అంటూ నా వద్దకు వచ్చారు. నాడి చూశాను. పాదాలు చూశాను. ఆమె వాడుతున్న ఇంగ్లీషు మందులు మానవద్దని చెప్పి, లోపలికి ఒక ఔషధం, పాదాలకు తైలం ఇచ్చి పంపాను. రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆమె కొత్త చెప్పులు మా గుమ్మం ముందే ఉన్నాయి. నేను వాటివైపు చూడలేదు. ఆ చెప్పు పట్టీ చిటికెనవ్రేలి ప్రక్కన ఒరుసుకుని పుండయింది. స్పర్శ నశించిన పాదం గనుక ఆమెకు నొప్పి తెలియలేదు. తెలిసేనాటికి చీము ఎముక వరకు చేరింది. ప్రాణం కాపాడడానికి శస్త్రవైద్యులు మోకాలి క్రిందుగా కాలు తొలగించవలసి వచ్చింది. అరనిమిషం వంగి చెప్పు చూసి ఉంటే, పట్టీ బిగువని నాకు తెలిసి ఉండేది.

ఆమె కుమార్తె బ్యాంకు ఉద్యోగిని. నలభై నాలుగేళ్ళ వయస్సు. రెండేళ్ళ క్రిందట కార్తికమాసంలో ఒక ఉదయం వచ్చి కూర్చుంది.

"బాబాయిగారూ, నాకూ రక్తంలో చక్కెర హద్దుకు వచ్చిందన్నారు. అమ్మకు జరిగింది నాకు జరగకూడదు. నేను మారథాన్ పరుగెత్తాలనుకుంటున్నాను. మీరేమంటారు?"

"ముందు గుండె పరీక్ష చేయించుకుని రా తల్లీ. ఆ తరువాత నీ బూట్లు ఇటు పట్టుకురా" అన్నాను.

ఆమె తెల్లబోయింది. పూజగది ఉన్న ఇంట్లోకి బూట్లేమిటని మా ఇల్లాలు కూడ గొణిగింది. పాత వార్తాపత్రిక పరిచి, వాటిని నా బల్ల ప్రక్కనే పెట్టించాను.

శాస్త్రం ఏమంటుంది?

శరీరానికి స్థైర్యాన్నీ బలాన్నీ వృద్ధి చేసే చేష్టనే చరకుడు వ్యాయామమన్నాడు. తేలికదనం, పనిచేసే శక్తి, కష్టసహిష్ణుత, జఠరాగ్ని దీప్తి దాని ఫలాలు. అయితే వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలని మన ఆచార్యులు హద్దు విధించారు. నుదుట, ముక్కుపైన, చంకల్లో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో శ్వాస తీయవలసి వచ్చినప్పుడు సగం బలం వినియోగమైనదని గుర్తు. దానిని మించితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి, ధాతుక్షయం కలుగుతాయని వాగ్భటుడు హెచ్చరించాడు. శోషవ్యాధి కారణాలలో చరకుడు మొదట పేర్కొన్నది బలానికి మించిన సాహసాన్నే.

మరి 42.195 కిలోమీటర్ల పరుగు అర్ధశక్తి ఎలా అవుతుంది? ఈ ప్రశ్న పాఠకులకు కలగడం సహజం. కాదు. పోటీ నాటి పరుగు ఆ హద్దును దాటుతుంది. దానిని దాచి చెప్పడం వైద్యుని ధర్మం కాదు. అయితే బలం నిలకడైనది కాదు; అభ్యాసంతో పెరుగుతుంది. నిత్యాభ్యాసాన్ని హద్దులో ఉంచి, బలాన్నే నెలల తరబడి పెంచుకున్నవారికి ఆ ఒక్కరోజు శ్రమ తట్టుకోగలిగినదవుతుంది. అభ్యాసంలో ప్రక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే సరియైన వేగం. నేటి శిక్షకులు చెప్పే ఈ కొలత మన అర్ధశక్తి లక్షణానికి చాల దగ్గరగా ఉంది.

ఇక పాదరక్ష విషయం. ప్రమేహరోగి మునివలె నియమంతో, గొడుగు లేక, పాదరక్షలు లేక నూరు యోజనాలు నడవాలని సుశ్రుతుడు చికిత్సాస్థానంలో చెప్పాడు. దీనిని పట్టుకుని చెప్పులు విడిచి నడిచే మధుమేహరోగులను చూశాను. అదే చికిత్సాస్థానంలో మరొక అధ్యాయంలో పాదరక్షాధారణం హితమని కూడ ఆయనే చెప్పాడు. ఒక వాక్యాన్ని చదివి రెండవదానిని వదిలివేయడం శాస్త్రం కాదు. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇంటిలో సైతం వట్టి కాళ్ళతో నడవరాదు. కాళ్ళను వేడినీటిలో ఉంచరాదు, కాపడం పెట్టరాదు. పరుగు ఆలోచన వైద్యుని అనుమతి లేనిదే చేయరాదు.

వట్టి కాళ్ళ పరుగనగానే ఇథియోపియా వీరుడు అబెబె బికిలా పేరు వినబడుతుంది. 1960లో రోము ఒలింపిక్సులో ఇచ్చిన బూట్లు పాదానికి కుదరకపోవడంతో, అతడు వట్టి కాళ్ళతో పరుగెత్తి స్వర్ణపతకం గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని మళ్ళీ గెలిచాడు. కుదరని బూటు కంటె వట్టి కాలు మేలు; కుదిరిన బూటు ఉంటే వట్టి కాలి అవసరం లేదు. ఆ రెండు విజయాలలో నాకు కనిపించిన నీతి ఇది.

కాగితం చెప్పిన నిజం

ఆ అమ్మాయి బూట్లు చూడముచ్చటగా ఉన్నాయి. తగ్గింపు ధరకు వచ్చాయట. ఆఫీసు చెప్పుల నంబరే చూసి కొన్నదట. నెలరోజుల నడకకే బొటనవ్రేలి గోరు నల్లబడింది. చిటికెనవ్రేలి మీద బొబ్బ. సరిగ్గా ఆమె తల్లికి పుండు లేచిన చోటనే. అది చూసి నా గుండె గుబేలుమన్నది.

తెల్లకాగితం మీద ఆమెను నిలబెట్టి, పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీత గీయించాను. ఆ ఆకారాన్ని కత్తిరించి బూటు అడుగుభాగం మీద ఉంచితే, వ్రేళ్ళవైపు కాగితం అంచులు దాటి బయటకు వచ్చింది. పైగా ఎడమపాదం కుడిదానికంటె పొడవు. ఈ పరీక్ష ప్రతి ఇంటిలోను చేసుకోవచ్చు. పిల్లల బడి బూట్లకు కూడ ఇది ఉపకరిస్తుంది.

బూట్లు కొనేటప్పుడు గమనించవలసినవి:

1. సాయంకాలం కొనండి. పగలంతా తిరిగిన పాదం కొద్దిగా ఉబ్బుతుంది. దీర్ఘమైన పరుగులోనూ ఉబ్బుతుంది.

2. రెండు పాదాలూ నిలబడి కొలిపించుకోండి. పొడవైన పాదానికి సరిపోయేదే కొనండి. వయస్సుతోపాటు పాదం విస్తరించవచ్చు. ఇరవయ్యవ ఏటి నంబరును నమ్మకండి.

3. పరుగులో తొడుక్కునే మేజోళ్ళు వెంట తీసుకువెళ్ళండి. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ జారరాదు. వ్రేళ్ళు లోపల స్వేచ్ఛగా కదలాలి.

4. దుకాణంలో కూర్చుని చూస్తే చాలదు. లేచి నడవండి, నాలుగడుగులు పరుగెత్తండి. ఎక్కడ ఒరుసుకున్నా వద్దనండి. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అనే మాటకు లోబడకండి.

5. వెల చూసి మోసపోకండి. కార్బన్ పలక అమర్చిన పందెపు బూట్లు కొన్ని 20,000 రూపాయలు దాటుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టినవారికి అవి అనవసరం. పాదానికి సుఖంగా ఉండడమే అన్నిటికంటె నమ్మదగిన గుర్తు.

6. సుమారు 500 నుండి 800 కిలోమీటర్ల తరువాత బూటు అడుగు మెత్తదనం కోల్పోతుంది. పైకి కొత్తగా కనిపించినా మార్చుకోవాలి. కొత్త బూట్లు పోటీరోజున తొలిసారి తొడగకండి.

మేజోళ్ళ విషయంలో నేనూ ఒకటి నేర్చుకున్నాను. నూలుబట్టే శ్రేష్ఠమని నా నమ్మకం. కాని దీర్ఘమైన పరుగులో నూలు మేజోడు చెమటను పట్టి ఉంచి, తడిసి, చర్మాన్ని ఒరుస్తుంది. చెమటను త్వరగా ఆరనిచ్చే కృత్రిమ నారలే అక్కడ మేలని ఆమె పాదాల బొబ్బలు తగ్గడం చూసి అంగీకరించాను.

పాదసంరక్షణకు గృహచికిత్సలు

పాదాభ్యంగం: రాత్రి పడుకునేముందు రెండు చెంచాల నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, ఒక్కొక్క పాదానికి ఐదు నిమిషాలు మర్దన చేయాలి. మడమ, పాదం వంపు, పిక్కల వరకు రాయాలి. జారిపడకుండా తుడుచుకుని పడుకోవాలి. పాదాలలో గరుకుదనం, తిమ్మిరి, అలసట దీనితో శమిస్తాయని శాస్త్రవచనం.

మడమల పగుళ్ళకు: ఆరు చెంచాల నువ్వులనూనెలో ఒక చెంచా తేనెమైనం సన్నని సెగమీద కరిగించి చల్లార్చాలి. రాత్రివేళ కడిగి తుడిచిన మడమలకు రాయాలి. పరుగుకు ముందు ఒరుసుకునే చోట్ల పలుచగా పూసినా బొబ్బలు తగ్గుతాయి.

వ్రేళ్ళ సందుల్లో ఒరుపులకు: తడి, మురికి వలన కలిగే దీనిని సుశ్రుతుడు అలసమన్నాడు. వేపాకు కషాయంతో కడిగి, సందులు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. అక్కడ నూనె రాయరాదు. తడిసిన బూట్లు ఆరేవరకు తొడగరాదు. వారంలో తగ్గకపోతే వైద్యునికి చూపాలి.

మడమశూల: ఉదయం మంచం దిగి తొలి అడుగు వేయగానే పొడిచినట్లుండే నొప్పి. మిట్టపల్లాలలో అడుగు తప్పడం, అధికశ్రమ వలన కలిగే వాతకంటకాన్ని ఇది పోలి ఉంటుంది. పరుగు తగ్గించి, అరిగిన బూట్లు మార్చి, గోరువెచ్చని తైలంతో మర్దన చేసి, పిక్కలను నెమ్మదిగా సాగదీయడం హితం. అయితే ఎముక మీద ఒక్క చోటనే నొక్కితే నొప్పి, రోజురోజుకు పెరిగి రాత్రివేళ కూడ వదలని నొప్పి ఎముకలో సన్నని చిట్లుకు సూచన కావచ్చు. దానికి మర్దన పనికిరాదు. పరుగు ఆపి ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఋతువు, ఆహారం, అభ్యాసం

హేమంత శిశిరాలలో బలం అధికం. గ్రీష్మ వర్షఋతువులలో అల్పం. హైదరాబాదు మారథాన్ జరిగేది ఆగస్టు నెలలో, అనగా వర్షఋతువులో. పైగా ఫ్లైఓవర్లు ఎక్కి దిగవలసిన దారి. అందుచేత తొలి ఏడు పూర్తి పరుగు వద్దని, సగం దూరమే చాలని ఆమెకు చెప్పాను.

"అర్ధశక్తి అంటారు, అంతేనా బాబాయిగారూ?" అని నవ్వింది. కాని మాట విన్నది.

చలికాలంలో నడక, పరుగు కలిపి మూడు కిలోమీటర్లతో ప్రారంభించింది. వారానికి మూడు నాలుగు రోజులే పరుగు, ఆదివారం కొంచెం దీర్ఘంగా. ప్రతి నాలుగవ వారం దూరం తగ్గింపు. వేసవిలో సూర్యోదయానికి ముందే ముగింపు. రెండవ ఏడు ఆదివారపు పరుగును నెలల మీద 30 కిలోమీటర్ల వరకు పెంచి, చివరి మూడు వారాలు క్రమంగా తగ్గించింది.

పరుగుకు గంటన్నర ముందు పలుచని రాగిజావ గాని అరటిపండు గాని, దారిలో ఖర్జూరాలు, తరువాత ఉప్పు కలిపిన మజ్జిగ, పెసరపప్పుతో అన్నం ఆమె పథ్యం. దప్పికను అనుసరించి నీరు త్రాగాలి. చెమట పోతున్నదని కడుపు నిండ వట్టి నీరు పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి స్పృహ తప్పే ప్రమాదమున్నది. పరుగు మధ్యలో నొప్పి మాత్రలు మ్రింగడం మూత్రపిండాలకు చెరుపు. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, అకారణమైన ఆయాసం కలిగితే తక్షణం ఆగి ఆస్పత్రికి వెళ్ళాలి. నలభై దాటినవారు, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు పరుగు ప్రారంభించకముందే రక్తపోటు, గుండె పరీక్షలు చేయించుకోవాలి.

ఫలశ్రుతి

మొదటి ఆగస్టులో ఆమె సగం దూరం పూర్తి చేసింది. రెండవ ఆగస్టులో పూర్తి మారథాన్. అయిదున్నర గంటలు పట్టింది. చివర నడిచానని చెప్పింది. నడవడంలో చిన్నతనమేమీ లేదన్నాను. చక్కెర ప్రస్తుతం హద్దుకు లోపలనే ఉన్నది. ఇది పరుగు ఒక్కదాని ఫలం కాదు. ఆహారం, నిద్ర కూడ సరిదిద్దుకున్నది.

పోటీ ముగిసిన మూడవనాడు తల్లిని చక్రాల కుర్చీలో తీసుకుని మా ఇంటికి వచ్చింది. రాత్రిపూట కుమార్తె పాదాలకు నూనె రాసేది తల్లేనట. వ్రేళ్ళ సందులు, గోళ్ళు, మడమలు దీపం దగ్గర పెట్టి పరీక్షిస్తారట.

"నా కాళ్ళు నేను చూసుకోలేదు. దాని కాళ్ళయినా చూస్తున్నాను" అన్నారు ఆ తల్లి.

నేనూ చూడలేదని ఆమెతో ఆనాడే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కుమార్తె బూట్లు ఎత్తి నా చేతికిచ్చారు. అడుగులు రెండూ సమంగా అరిగి ఉన్నాయి.

పాఠకులు ఈ రాత్రి ఒక పని చేయవలసిందిగా నా మనవి. ఇంటిలోని పెద్దల పాదాలను, ముఖ్యంగా మధుమేహమున్నవారి పాదాలను, వెలుగులో ఒకసారి చూడండి. తరువాత గుమ్మం ముందున్న వారి చెప్పులను చేతిలోకి తీసుకుని, లోపల వ్రేలితో తడిమి చూడండి.