అరాచకవాదమంటే అల్లకల్లోలం కాదు: అపోహలు – వాస్తవాలు

పండగ భోజనాల దగ్గర రాజకీయాల మాట వచ్చి, "నేను అరాచకవాదిని" అన్నాను. వడ్డిస్తున్న పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "పండగపూట అవేం మాటలురా!" అంది. ఆమె తప్పేం లేదు. రౌడీలు కొట్టుకున్నా అరాచకమే, ఇసుక దోచుకున్నా అరాచకమే అని పేపర్లో రోజూ చదివే మనిషికి నా మాట ఇంకెలా వినిపిస్తుంది? ఆమెకు చెప్పాల్సినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అరాచకమంటే కట్టూబాటూ లేకపోవడం.

వాస్తవం: అరాచకం అన్న మాటకు మూలం అరాజకం. అంటే రాజు లేకపోవడం, అంతే. ఇంగ్లిషు 'అనార్కీ'కి ఉన్న గ్రీకు మూలానికీ దాదాపు అదే అర్థం, పాలకుడు లేకపోవడం. అయితే రాజు లేకుంటే లోకం తలకిందులవుతుందన్న భయం మనలో చాలా పాతది. దశరథుడు పోయాక, భరతుడు ఇంకా రాకముందు, రాజులేని దేశానికి పట్టే దుర్గతిని అయోధ్యకాండలో పెద్దలు వసిష్ఠుడికి ఏకరువు పెడతారు. ఫ్రాన్సులో అప్పటిదాకా తిట్టుగా వాడిన ఈ మాటను 1840లో ఆలోచనాపరుడు ప్రూధోఁ తన పేరుగా చేసుకున్నాడు. క్రమం ఉండాలి, దానికి నెత్తిమీద దొర అక్కర్లేదన్నది ఆయన వాదన.

అపోహ: వీళ్లూ కమ్యూనిస్టులే.

వాస్తవం: 1872లో హేగ్ మహాసభలో మార్క్స్ పక్షం అరాచకవాది బకూనిన్‌ను కార్మికుల ఇంటర్నేషనల్ నుంచి వెళ్లగొట్టింది. పెట్టుబడిదారుడి పెత్తనం వద్దనడంలో ఇద్దరిదీ ఒకే మాట. రాజ్యాధికారం చేజిక్కించుకోవాలా వద్దా అన్న దగ్గరే దారులు చీలాయి. మద్రాసులో పుట్టిన ఎం.పి.టి. ఆచార్య 1920లో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకరు. తర్వాత ఆయన అరాచకవాది అయ్యారు.

అపోహ: ఇది ఆచరణకు వచ్చేది కాదు.

వాస్తవం: 1936 జులైలో స్పెయిన్‌లోని బార్సిలోనాలో సైనిక తిరుగుబాటును జనం ఓడించాక, ట్రాములను అరాచకవాదుల కార్మిక సంఘమే నడిపింది. యజమానులు లేని ఆ ట్రాములు ఎరుపు, నలుపు రంగులు వేసుకుని తిరిగాయి. అదంతా సాఫీగా సాగిందని నేను చెప్పను. ఆ ఏడాది ముగియకముందే ప్రభుత్వమే వద్దన్న అరాచకవాద నేతలు నలుగురు మంత్రులయ్యారు. ఆ గాయం గురించి అరాచకవాదుల్లో ఇప్పటికీ వాదన తెగలేదు.

అపోహ: సర్కారు జోక్యం లేని మన పాత పల్లెలే అరాచకవాదానికి నమూనా.

వాస్తవం: ఈ మాట అనేది నామీద సానుభూతి ఉన్నవాళ్లే. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. నాట్లకు ఒకరి పొలంలోకి ఒకరు బదులు పనికి వెళ్లేవాళ్లు, చెరువు పూడిక కలిసి తీసేవాళ్లు, నిజమే. కానీ ఆ చెరువులో అందరినీ నీళ్లు ముట్టనిచ్చారా? పోలీసు రాకపోయినా ఊళ్లో దొర ఉన్నాడు, కులం ఉంది, ఇంట్లో మగవాడి మాటే చెల్లింది. నేను అరాచకవాదిని అన్నప్పుడు నా గొడవ ఢిల్లీతోనో అమరావతితోనో మాత్రమే కాదు. ఏ పెత్తనమైనా తానెందుకు ఉండాలో ఎదుట నిలబడి చెప్పుకోవాలి. చెప్పలేకపోతే దిగిపోవాలి. మా ఇంట్లో నా పెత్తనానికీ అదే లెక్క.

అపోహ: అరాచకవాదులంటే బాంబులు వేసేవాళ్లు.

వాస్తవం: వేసినవాళ్లు ఉన్నారు, దాచను. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని కాల్చినవాడు అరాచకవాదే. అయితే ఈ ముద్రకు బలైనవాళ్ల సంగతీ తెలియాలి. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం షికాగోలో సమ్మె మొదలైంది. మే 4న హేమార్కెట్ సభ దగ్గర పోలీసుల మీద బాంబు పడింది. ఎవరు వేశారో నేటికీ తేలలేదు. ఎనిమిది మంది అరాచకవాదులను దోషులన్నారు. వాళ్లలో పార్సన్స్ అచ్చుపనివాడు. పోలీసులకు చిక్కకుండా తప్పించుకున్నవాడే, తోటివాళ్లతో నిలబడాలని తనంతట తానే కోర్టులోకి నడిచివచ్చాడు. ఎంగెల్ బొమ్మల దుకాణం నడుపుకునేవాడు. 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు. ఒకడు అంతకు ముందురోజే జైల్లో ప్రాణం తీసుకున్నాడు. 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ ఆ విచారణే అన్యాయమని తేల్చి, మిగిలిన ముగ్గురినీ విడుదల చేశాడు.

మన ఊళ్లలో ఏటా మే డే జెండా ఎగిరేది వాళ్లను తలచుకునే. వచ్చే మే డేకి జెండా దగ్గర ఆ నలుగురి పేర్లూ చదవండి: ఆల్బర్ట్ పార్సన్స్, ఆగస్ట్ స్పైస్, అడాల్ఫ్ ఫిషర్, జార్జ్ ఎంగెల్. వాళ్లు అరాచకవాదులని కూడా చెప్పండి.